మావాడికి ఇచ్చి తప్పు చేశానా, మేనకోడలికి ఇవ్వక తప్పు చేశానా?

పేరు వేయొద్దని అడిగిన ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, మొత్తం ఇక్కడ పెట్టలేను కాబట్టి సంగతి నా మాటల్లో చెప్తాను.

ఆవిడకి ఒక్కడే కొడుకు, తొమ్మిదో తరగతి. ఆవిడ తమ్ముడికి ఒక కూతురు, ఆ పిల్లదీ అదే తరగతి, స్కూల్ వేరు. పోయినేడాది ఆవిడ భర్త చదువులో హెల్ప్ అవుతుందని కొడుక్కి ఒక ఏఐ చాట్‌బాట్ తీసిచ్చాడు, నెలనెలా డబ్బు కట్టే ప్లాన్. మొదట్లో అందరికీ హాయిగానే ఉంది, రాత్రి పదింటి దాకా సాగే హోంవర్క్ ఎనిమిదికే అయిపోయేది, అసైన్‌మెంట్లన్నిట్లో మంచి మార్కులు, ఇంట్లో అరుపులు కూడా తగ్గాయి. ఆ తర్వాత క్లాసులో కూర్చోబెట్టి పెట్టిన పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదు. అడిగితే టెన్షన్ వచ్చిందన్నాడు. ఒకరోజు సాయంత్రం ఆవిడ వాడి హోంవర్క్ పుస్తకంలోంచే, వాడు ఒక్క తప్పు లేకుండా చేసిన లెక్కనే, అంకెలు మార్చి ఇచ్చి చేయమంది. మొదటి స్టెప్పే పడలేదు. "ఆ పుస్తకంలో చేతిరాత ఒక్కటే మావాడిదండి" అని రాసింది. అక్కడ నేను కాసేపు ఆగిపోయాను.

ఇక మేనకోడలు. వాళ్ళింట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది పొద్దున తండ్రితో పాటు పనికి పోయి రాత్రికి వస్తుంది. ఆ పిల్ల పుస్తకాలతోనే కుస్తీ పడుతుంది, ఆదివారాలు మేనత్త ఇంటికి వచ్చి వీడి పక్కనే కూర్చుని చదువుకునేది. ఈమధ్య ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసింది, మూడుసార్లు తిరగరాసి ఎప్పుడూ లేనంత బాగా రాసింది, స్కూల్లో దాన్ని ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి చూసి ఇది నువ్వు రాసింది కాదు మెషీన్ రాసింది అనేశారు. మార్కులు తీసేశారు. చేతిలో ఫోనే లేని పిల్లని! ఈవిడ కొడుకు నెలల తరబడి ఎత్తిరాసి ఇస్తున్నవి మాత్రం ఒక్కసారి కూడా పట్టుబడలేదు.

అప్పుడు తమ్ముడు ఫోన్ చేశాడు. "ఎలాగూ మాట పడ్డాం కదక్కా, మీవాడు వాడేదేదో మా పిల్లకి కూడా చూపించు" అన్నాడు. ఈవిడ "వద్దురా, దాంతో పిల్లలు పాడైపోతున్నారు" అంది. "మరి మీవాడికెందుకు కొనిచ్చారు?" అని పెట్టేశాడు. మూడు వారాలైంది, ఆ పిల్ల ఆదివారాలు రావడం మానేసింది. భర్తేమో ఇప్పుడు ఆపితే మనవాడు అందరికంటే వెనకబడిపోతాడు అంటాడు. కొడుకేమో నేను పెద్దయ్యేసరికి అన్నీ అదే చేసేస్తుంది, నేనెందుకు నేర్చుకోవాలి అంటాడు. పైన హెడ్డింగులో ఉన్నది ఆవిడ చివర్లో అడిగిన ప్రశ్నే.

అమ్మా, మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తోంది గానీ అందులో రెండున్నాయి. ఈ వస్తువు పిల్లల ఎదుగుదలని ఏం చేస్తుంది అనేది ఒకటి. అది ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అనేది ఇంకోటి. రెండూ ముడిపడిపోయి ఉండబట్టే మీరు ఎటు కదిలినా తప్పు చేసినట్టు అనిపిస్తోంది, ఇస్తే చెడగొట్టినట్టు, ఇవ్వకపోతే అన్యాయం చేసినట్టు. విడివిడిగా చూద్దాం. ముందు మీవాడు.

వాడు బద్ధకస్తుడనో మోసగాడనో మాత్రం అనుకోకండి. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు, సబ్జెక్టు మీవాడు తడబడిన లెక్కలే. కొందరికి మామూలు చాట్‌బాట్ లాంటిది ఇచ్చారు, అడిగితే జవాబు చెప్పేస్తుంది. కొందరికి అదే మోడల్‌ని టీచర్ల సూచనలతో కట్టడి చేసి ఇచ్చారు, అది జవాబు చెప్పదు, క్లూ ఇస్తుంది, ఎక్కడ దారి తప్పావో చూపిస్తుంది. మిగతావాళ్ళకి పుస్తకమే. ప్రాక్టీసులో మామూలు చాట్‌బాట్ ఉన్నవాళ్ళ మార్కులు పుస్తకంవాళ్ళ కంటే 48 శాతం ఎక్కువ, క్లూ రకం ఉన్నవాళ్ళవి 127 శాతం ఎక్కువ. తర్వాత అన్నీ తీసేసుకుని పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్ళకి అసలేమీ వాడనివాళ్ళ కంటే 17 శాతం తక్కువొచ్చాయి. క్లూలతో నేర్చుకున్నవాళ్ళకి ఆ నష్టం దాదాపు లేదు, అలాగని పుస్తకంవాళ్ళని దాటేసిందీ లేదు. 2025లో ఒక పెద్ద సైన్స్ జర్నల్లో వచ్చింది ఇది.

మీ ఇంటికి సంబంధించిన ముక్క ఇందులో ఇంకోటుంది. ఆ 17 శాతం పోగొట్టుకున్న పిల్లలకి తాము తక్కువ నేర్చుకున్నామని తెలియలేదు! బాగానే వచ్చింది అనుకున్నారు. అంటే మీవాడు టెన్షన్ అన్నప్పుడు మీకు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. వాడికి నిజంగానే ఆ లెక్కలు వచ్చనిపించి ఉంటుంది, రోజూ కళ్ళముందు శుభ్రంగా స్టెప్పులన్నీ పడుతుంటే ఎవరికైనా అనిపిస్తుంది. నేను ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పాను, అర్థమైందా అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో అయ్యిందనేది, చాక్‌పీస్ చేతికిచ్చి బోర్డు దగ్గరికి పిలిస్తే అప్పుడు తెలిసేది ఎవరికి ఎంత అయ్యిందో. వేరేవాళ్ళు చేస్తుంటే చూసి అర్థమవడం, మనమే చేయగలగడం, ఈ రెంటి మధ్య పెద్ద గుంట ఉంటుంది, కాసేపు ఏమీ తోచక, తప్పు చేసి, కొట్టేసి, మళ్ళీ మొదలుపెడితేనే అది పూడుతుంది. ఆ తోచని పది నిమిషాలనే ఈ మెషీన్ మీవాడి దగ్గర్నుంచి తీసేసుకుంది, తీసుకున్నట్టు కూడా తెలియకుండా.

పనిలో పని, ఏఐ వాడితే మెదడు పాడైపోతుందని తిరిగే వార్తలు మీకూ వచ్చే ఉంటాయి. వాటిలో చాలావాటికి మూలం 2025లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చిన ఒక స్టడీ, అందులో పాల్గొన్నవాళ్ళు 54 మంది, మిగతా నిపుణులు ఇంకా పరిశీలించకముందే బయటపెట్టారు. చాట్‌జీపీటీతో వ్యాసాలు రాసినవాళ్ళలో మెదడు భాగాల మధ్య అనుసంధానం తక్కువగా కనిపించింది, చాలామంది తాము అప్పుడే రాసిన వాక్యాన్ని కూడా సరిగ్గా తిరిగి చెప్పలేకపోయారు, అంతవరకే. మెదడు చెడిపోతుందని వాళ్ళే అనలేదు. కాబట్టి దాన్ని చూపించి పిల్లాడిని భయపెట్టకండి. భయపెడితే ఆపడు, మీ కంటబడకుండా వాడతాడు.

ఇక మేనకోడలి సంగతి.

అమర్త్యసేన్ ఒక చిన్న పోలిక చెప్పేవారు, సైకిల్ ఉండటం వేరు, సైకిల్ మీద ఎక్కడికైనా వెళ్ళగలగడం వేరు అని. సైకిల్ మనిషికి దొరకాలి, దాన్ని తొక్కడం రావాలి, ఎక్కనివ్వాలి, అప్పుడు కదా అది ఉపయోగం. ఆయన ఆలోచనల ఆధారంగానే, పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ నడిపించగా 1990లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ మొదటి మానవాభివృద్ధి నివేదిక వచ్చింది, డబ్బు ఎంతుందని కాకుండా మనిషి ఏం చేయగలుగుతున్నాడు, ఎలా బతకగలుగుతున్నాడు అని లెక్క చూడటం అక్కడ మొదలైంది. 2025లో వచ్చిన నివేదిక మొత్తం ఏఐ మీదే. ఈ కొలబద్ద మీ ఇంట్లో పెట్టి చూడండి. మీవాడికి సైకిల్ ఉంది, కానీ వాడు తొక్కట్లేదు, ఎవరో తొక్కుతుంటే వెనక కూర్చున్నాడు. మీ మేనకోడలికి సైకిలే లేదు, నడిచి నడిచి కాళ్ళు మాత్రం గట్టిపడ్డాయి. ఎవరి స్థితి బాగున్నట్టు? కాళ్ళు గట్టిపడ్డాయి కదా అని ఆ పిల్లని ఎల్లకాలం నడవమనడం న్యాయం కాదు, దూరాలు ఇంకా ముందున్నాయి.

ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2024లో వేసిన లెక్క ప్రకారం అప్పటికి ప్రపంచంలో 260 కోట్ల మందికి అసలు ఇంటర్నెట్టే లేదు. ఉన్నవాళ్ళలో కూడా అందరికీ ఒకలా లేదు. ఇంటికంతటికీ ఒకే ఫోన్ ఉండి, అది పగలంతా ఊరు తిరిగి రాత్రికి వస్తే దాన్ని ఉన్నట్టు లెక్కేస్తారు గానీ ఆ పిల్లకి లేనట్టే. భాష సంగతి ఇంకోటి. ఈ మోడళ్ళు వాక్యాన్ని ముక్కలు చేసి చదువుతాయి, ఆ ముక్కల్ని టోకెన్లు అంటారు. 2024 మేలో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ కంపెనీ తన జీపీటీ-4ఓ మోడల్ విడుదల చేస్తూ ఒకే చిన్న సమాచారాన్ని రకరకాల భాషల్లో రాసి ఎన్ని ముక్కలవుతుందో చూపించింది. పాత పద్ధతిలో ఇంగ్లీషుకి 27, తెలుగుకి 159. కొత్తదాంట్లో ఇంగ్లీషు 24, తెలుగు 45. చాలా మెరుగే, అయినా సమానం కాదు, పైగా వీటి మీద సర్వీసులు కట్టే కంపెనీలకి బిల్లు ఈ ముక్కల లెక్కనే పడుతుంది. ఇంగ్లీషులో అడగగలిగినవాడికి ఒకలాంటి మెషీన్, తెలుగులోనే ఆలోచించే పిల్లకి ఇంకోలాంటిది.

ఇదంతా చూసి తమ్ముడి మాట రైటు, వెంటనే కొనిచ్చేస్తే సరిపోతుంది అనిపించొచ్చు. అక్కడే నా అభిప్రాయం కాస్త వేరు. నైజీరియాలో ఎడో అనే రాష్ట్రంలో 2024లో ప్రపంచ బ్యాంకు వాళ్ళు ఒక చిన్న ప్రయత్నం చేశారు. స్కూల్ అయిపోయాక ఆరు వారాల పాటు ఇంగ్లీషు క్లాసులు, పిల్లలు ఇద్దరిద్దరు కలిసి ఒక కంప్యూటర్, అందులో మైక్రోసాఫ్ట్ వాళ్ళ చాట్‌బాట్, గదిలో ఒక టీచరు. ఏం అడగాలో, వచ్చిన జవాబుని ఎలా అనుమానించాలో టీచరు చూపించేది. ఆరు వారాల్లో వచ్చిన ఫలితం చెప్పుకోదగ్గది, అప్పటికి వెనకబడి ఉన్న ఆడపిల్లలకి ఇంకా ఎక్కువ లాభం కనిపించింది. టర్కీలో పిల్లల్ని దెబ్బకొట్టిందీ ఈ జాతి మెషీనే, ఇక్కడ పైకి లేపిందీ ఈ జాతి మెషీనే. ఆరు వారాల ఇంగ్లీషుకీ టర్కీ లెక్కలకీ చాలా తేడాలుండొచ్చు, నా కంటికి ఆనింది మాత్రం గదిలో ఉన్న టీచరు, పక్కన ఉన్న ఇంకో పిల్ల.

1984లో బెంజమిన్ బ్లూమ్ అనే ఆయన, ఒక్కో పిల్లకి ఒక్కో టీచర్ని పెడితే ఆ పిల్లల్లో సగటు పిల్ల మామూలు క్లాసులో నూటికి 98 మందిని దాటేస్తుందని రాశారు. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద లాభం కనపడలేదు గానీ ఆ ఆశ మాత్రం పోలేదు, ఇప్పుడు ఏఐ అమ్మేవాళ్ళందరూ ప్రతి పిల్లకి సొంత టీచరు అంటోంది దాన్ని పట్టుకునే. నాకు భయం ఎక్కడంటే, ఉన్నవాళ్ళ పిల్లలకి మెషీనూ ఉంటుంది, "ఇదెలా వచ్చిందిరా, చెప్పు" అని అడిగే మనిషీ ఉంటుంది. లేనివాళ్ళ పిల్లలకి మెషీన్ చవగ్గా దొరికేస్తుంది, దాన్ని చూపించి మీకూ ఇచ్చాం కదా అని ఆ మనిషిని తీసేస్తారు. అప్పుడు పైకి అందరికీ సమానంగా ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు మీ విషయంలో చూడండి, మీ కొడుకుకి ఆ మనిషి మీరే. అంకెలు మార్చి లెక్క ఇచ్చి కూర్చోబెట్టారే, ఆ సాయంత్రం నెలల సబ్‌స్క్రిప్షన్ చేయలేని పని చేశారు. మీ మేనకోడలికి కూడా ఆదివారాలు మీరే. మూడు వారాలుగా ఆ పిల్లకి లేకుండా పోయింది చాట్‌బాట్ కాదండి, ముందునుంచీ లేనిది కొత్తగా పోదు. మీరు పోయారు.

తమ్ముడితో మీరన్న మాటలో తప్పేమీ లేదు, నిజమే చెప్పారు. కానీ సొంత కొడుక్కి కొనిచ్చి పక్కవాళ్ళ పిల్లకి వద్దంటే ఎంత మంచి మాటైనా శ్రీరంగనీతుల్లాగే వినిపిస్తుంది. అతనికి బాధ మెషీన్ గురించి కాదేమో, అక్క తన కూతుర్ని వేరుగా చూసిందని. అక్కడ వాదించి లాభం లేదు.

మీ ముందు ఏమేం దారులున్నాయో చూద్దాం, ఏదీ ఖర్చు లేనిది కాదు.

ఇద్దరికీ వద్దని మీవాడి ప్లాన్ కూడా తీసేయొచ్చు. తమ్ముడికి న్యాయంగా కనిపిస్తుంది, మీవాడికి ఆ తోచని పది నిమిషాలు తిరిగొస్తాయి, ఒకట్రెండు నెలలు మార్కులు పడిపోతాయి, ఇంట్లో అరుపులు మళ్ళీ మొదలవుతాయి, దానికి మీ ఆయన ఒప్పుకోవాలి. కానీ ఉచితంగా దొరికేవి బోలెడున్నాయి, స్నేహితుల ఫోన్లున్నాయి, కాబట్టి పూర్తిగా ఆగిపోతుందని అనుకోవద్దు. పైగా వాడకం అనేది కూడా ఒక నేర్పే, అది ఇద్దరికీ రాకుండా పోతుంది. పరీక్షల ముందు రెండు నెలలకైతే ఇది నాకు సబబుగానే అనిపిస్తుంది, ఎల్లకాలానికి కాదు.

మేనకోడలికి వేరేగా ఒక ఫోనో ట్యాబో కొని ప్లాన్ కట్టిచ్చేయొచ్చు. మీ మనసు తేలికపడుతుంది. కానీ ఆ పిల్ల ఒంటరిగా రాత్రిపూట దాంతో కూర్చుంటే మీవాడికి జరిగిందే ఆ పిల్లకీ జరగొచ్చు, ఇప్పుడున్న ఒకే ఒక్క బలం, సొంతంగా చేసుకునే అలవాటు, అది కూడా పోవచ్చు. ఇంకోటి, అక్క కొనిచ్చిందని ప్రతినెలా గుర్తొచ్చే వస్తువు తమ్ముడికి బరువవుతుందా లేదా అనేది మీకే తెలియాలి, నాకు తెలియదు.

మీవాడి పాస్‌వర్డ్ ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది చేస్తారు, నేను వద్దంటాను. చాలా కంపెనీలు ఒకరి అకౌంట్ ఇంకొకరికి ఇవ్వడాన్ని ఒప్పుకోవు, అదలా ఉంచితే ఒకరు అడిగినవన్నీ ఇంకొకరికి కనిపిస్తాయి, పద్నాలుగేళ్ళ పిల్లలు మెషీన్‌ని ఏమేం అడుగుతారో మనకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. చాట్‌జీపీటీ లాంటివాటికి 13 ఏళ్ళు నిండాలి, 18 లోపు పెద్దవాళ్ళ అనుమతి ఉండాలి, ఆ అనుమతి ఇచ్చేది తమ్ముడూ మరదలూ గానీ మీరు కాదు. ఉచితంగా దొరికేదే ఆ పిల్ల పేరు మీద తెరిచినా తొమ్మిదో తరగతి చదువుకి సరిపోతుంది.

నాలుగోది కాస్త శ్రమ. ఆదివారం బల్ల మళ్ళీ వేయడం. ఇద్దరు పిల్లలు, ఒకటే స్క్రీన్, మీరు అదే గదిలో మీ పని చేసుకుంటూ. ముందు ఇద్దరూ కాగితం మీద చేయాలి, పావుగంట దాకా స్క్రీన్ మూసే ఉండాలి. తర్వాత అడగొచ్చు, కానీ జవాబు చెప్పమని కాదు, నేను ఇంతవరకు చేశాను, ఎక్కడ తప్పాను, ఒక్క క్లూ ఇవ్వు అని. పూర్తి జవాబు ఇవ్వొద్దు, ప్రశ్నలు అడుగుతూ నేర్పించు అని మొదట్లోనే రాస్తే ఇవి చాలావరకు వింటాయి, కాసేపటికి మర్చిపోయి జవాబు కక్కేస్తాయి కూడా, అప్పుడు మళ్ళీ గుర్తుచేయాలి. మీ మేనకోడలు సిగ్గుపడకుండా తెలుగులోనే అడగొచ్చు. చివర్లో స్క్రీన్ మూసేసి ఒకళ్ళు చేసిన లెక్క ఇంకొకళ్ళు చెప్పాలి. మీకు లెక్కలు రాకపోయినా పర్లేదు, "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అంటే చాలు, నా సర్వీసు మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న అదే. మీకు వారంలో దొరికే ఒక్క సెలవులో సగం పోతుంది, అది చిన్న ఖర్చేమీ కాదు, అందుకే చేసి తీరాలి అనను. కానీ మీవాడికి అసలు సాయం ఆ పిల్ల నుంచే దొరుకుతుందని నా నమ్మకం. తోచనప్పుడు ఎలా కూర్చోవాలో ఆ పిల్లకి తెలుసు, వాడికి తెలియదు. మెషీన్‌ని ఎలా అడగాలో వాడికి తెలుసు. ఇందులో దానం ఏమీ లేదు, తమ్ముడికి ఈ మాటే చెప్పొచ్చు, నిజం కూడా.

వ్యాసం సంగతి వదిలేయొద్దని నా మనవి. ఏఐ రాసిందా మనిషి రాశాడా అని పట్టుకుంటామనే సాఫ్ట్‌వేర్లు నమ్మదగ్గవి కావు. ఓపెన్ఏఐ తానే అలాంటిదొకటి 2023 జనవరిలో తెచ్చి, కచ్చితత్వం తక్కువగా ఉందని ఆ జూలైలోనే తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకి రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లలో వేసి చూశారు, సగటున సగానికి పైగా వ్యాసాల్ని అవి మెషీన్ రాసిందే అన్నాయి. అమెరికా స్కూల్ పిల్లలవి మాత్రం దాదాపు అన్నీ సరిగ్గా గుర్తించాయి. కారణం మరీ వింతదేం కాదు, ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్నవాళ్ళు తెలిసిన కొద్ది మాటలతో జాగ్రత్తగా, నేర్చుకున్న పద్ధతిలో వాక్యాలు కడతారు, ముందు మాట చూస్తే తర్వాతి మాట ఊహించేయొచ్చు. ఆ డిటెక్టర్లు చూసింది కూడా అదే. అంటే మీ మేనకోడలు జాగ్రత్తగా రాసినందుకే దొరికిపోయి ఉండొచ్చు.

ఊరుకుంటే గొడవ ఉండదు, కానీ బాగా రాస్తే దొంగవంటారు అని ఆ పిల్ల మనసులో పడిపోతే ఇంకోసారి బాగా రాయదు. పోట్లాటకి వెళ్తే టీచరు బిగుసుకుపోవచ్చు, ఏడాది పొడుగునా ఆ క్లాసులోనే కూర్చోవాల్సింది ఆ పిల్ల. మధ్యలో ఒకటుంది. మూడుసార్లు తిరగరాసిందన్నారు కదా, ఆ చిత్తు కాగితాలుంటే పట్టుకుని తల్లో తండ్రో వెళ్ళి, మీ ఎదురుగానే మా అమ్మాయిని ఆ వ్యాసం గురించి నాలుగు ప్రశ్నలు అడగండి, లేదంటే అక్కడే కూర్చోబెట్టి ఇంకో పేరా రాయించండి అని అడగాలి. సాఫ్ట్‌వేర్ తప్పు అని నిరూపించే అవసరం ఉండదు, టీచర్ని తప్పుపట్టినట్టూ ఉండదు. రమ్మంటే మీరూ వెళ్ళండి, పిలవకుండా ముందు నిలబడకండి.

మీవాడు వెనకబడిపోతాడని మీ ఆయన పడుతున్న భయం గురించి. అది ఊరికే పుట్టిన భయం కాదు. కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసే ఐదు వేల మందికి పైగా ఉద్యోగుల మీద బ్రిన్‌యోల్ఫ్‌సన్ అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్ళు చేసిన స్టడీలో ఏఐ సాయం ఇస్తే సగటున పని 14 శాతం పెరిగింది, కొత్తగా చేరినవాళ్ళకైతే 34 శాతం, బాగా అనుభవం ఉన్నవాళ్ళకి పెద్దగా ఏమీ పెరగలేదు. కొత్తవాళ్ళకి ఎక్కువ లాభం అంటే సమానత్వానికి మంచి కబురే. ఆ మెషీన్ కొత్తవాళ్ళ చెవిలో చెప్పింది ఎవరి మాటలంటే, ఆ ఆఫీసులో బాగా పనిచేసే పాతవాళ్ళు ఏళ్ళ తరబడి కస్టమర్లతో మాట్లాడి నేర్చుకున్న పద్ధతుల్నే. మీవాడు "అన్నీ అదే చేస్తుంది" అన్నప్పుడు అదెక్కడ నేర్చుకుందిరా అని అడగండి. అందరూ వినేవాళ్ళే అయిపోతే రేపటికి కొత్త సంగతి ఎవరి దగ్గర్నుంచి వస్తుంది, అది తప్పు చెప్తే తప్పని ఎవరికి తెలుస్తుంది? వాడి మాటలో బడాయి కంటే దిగులే ఎక్కువ ఉందని నాకనిపించింది, ఈ వయసు పిల్లలు ఈమధ్య నాకు రాసే ఉత్తరాల్లో కూడా అదే కనిపిస్తోంది, మన అవసరం ఉంటుందా అని. దానికి నీతులు చెప్పకండి, ఒక లెక్క వాడంతట వాడికి వచ్చిన రోజు ముఖం ఎలా ఉంటుందో చూడండి, ఆ రోజు మాట్లాడండి.

మిమ్మల్ని మీరు రెండు వైపులా నిందించుకోవడం మాత్రం ఇక ఆపండి. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరు చివర్లో, యునెస్కో దీన్ని చదువులో ఎలా వాడాలని మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది 2023 సెప్టెంబరులో, అప్పటికే కోట్ల మంది వాడేస్తున్నారు. పెద్ద పెద్దవాళ్ళే వెనకనుంచి పరిగెత్తుకుంటూ వచ్చారు, మీ ఆయన కొడుకు బాగుండాలనే కొన్నాడు.

ముందు తమ్ముడికి ఫోన్ చేయండి. ఏఐ మాట ఎత్తొద్దు, "నువ్వడిగింది నిజమేరా, నా దగ్గర జవాబు లేకే ఏదో అనేశాను" అనండి చాలు, మిగతాది తర్వాత. పిల్లని ఆదివారం పంపమని అడగండి, మీవాడికి లెక్కలు రావట్లేదని కూడా దాచకుండా చెప్పండి. వచ్చేటప్పుడు ఆ వ్యాసం చిత్తు కాగితాలు తెమ్మనండి, ఎంత నలిగిపోయి ఉన్నా సరే.